చిన్నారి వంతు

చోడవరంలో పెళ్ళి కుదిరితే, మండపం మాట్లాడుకున్న వెంటనే పూలజడకి చిన్నారితో మాట్లాడుకోవాలి. ఆలస్యం చేస్తే దొరకదు. చిన్నారి అంటే ఏ బడికెళ్ళే పిల్లో అనుకునేరు, అరవైకి దగ్గర పడ్డ మనిషి. పుట్టినప్పుడు ముద్దుగా పిలిచిన పిలుపు రేషను కార్డులోకి కూడా ఎక్కి కూర్చుంది, ఇంక దిగలేదు. మెయిన్‌రోడ్డు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ముందు చిన్న అరుగు, అరుగు మీద తడిగుడ్డ కింద మల్లెమొగ్గలు. ఇప్పుడు ఫోన్లో చూసి తెప్పించుకునే అద్దె జడలు వచ్చాయి. గుడ్డపూలవి. ఇవాళ ఒక పెళ్ళికూతురి వీపు మీద ఉంటే ఎల్లుండి ఇంకో పెళ్ళికూతురి వీపు మీద ఉంటాయి. "బాగుంటాయమ్మా, నాను కాదంటానా," అంటుంది చిన్నారి. "కాకపోతే ఒకల జడ ఇంకొకలకి ఎట్టడం ఏటో నాకు తెలీదు." అంతకుమించి ఎవర్నీ ఏమీ అనదు. నోట్లో నాలుక లేని మనిషి.

పోయినేటి దాకా జడ కడుతున్నంతసేపూ ఆమె పెదాలు కదిలేవి. పెళ్ళివారు చూసి ఏదో మంత్రం చదువుతోంది అనుకునేవారు. మంత్రమూ కాదు, మన్నూ కాదు. వాళ్ళ నాన్న నేర్పిన పాటలో తన వంతు. ఇప్పుడు కదలడం లేదు. ఎందుకు కదలడం లేదో చెప్పాలంటే కె.కోటపాడు దాకా వెళ్ళాలి.

కె.కోటపాడు పక్క పల్లెలో దాసు అని చిన్న రైతు ఉండేవాడు. కాస్త వరి, కాస్త చెరుకు, గట్ల వెంట గోగు. గోగు కోసి కట్టలు కట్టి మడుగులో నానేసి, కుళ్ళిన తర్వాత నార తీసేవాడు. ఆ వాసన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు. అతని భార్య రెండో కాన్పు తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. పెద్దది అచ్చియ్యమ్మ, చిన్నది చిన్నారి. ఇద్దరికీ క్షణం పడేది కాదు, ఒకరి జుట్టు ఒకరు పీక్కునేవారు. వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టడానికి దాసు కనిపెట్టిన ఉపాయం నారపట్టీ.

తాడు పేనడం మగవాళ్ళ పని. ఎద్దు మెడకి కట్టే పట్టీని మాత్రం పేనకూడదు, చర్మం ఒరుసుకుపోతుంది. దాన్ని జడలాగా మూడు పాయలుగా, బల్లపరుపుగా అల్లాలి. దాసు నార కొసకి ఉచ్చు వేసి పెద్దదాని ఎడమ కాలి బొటనవేలికి తగిలించేవాడు. అచ్చియ్యమ్మ కాళ్ళు బారచాపుకుని కూర్చునేది. చిన్నారి ఆమె పక్కనే చేరేది. అక్క ఇటువైపు పాయ మధ్యకి వేస్తే, చెల్లెలు అటువైపు పాయ మధ్యకి వెయ్యాలి. వంతు తప్పితే పట్టీ మెలిక పడిపోతుంది. వంతు తప్పకుండా ఉండడానికే పాట.

కొండమీద కురిసింది కోరని వాన
వాన తాగి పెరిగింది వంకలో గోగు
గోగు నాని తేలింది గుండెలోతు మడుగు
మడుగు గట్టునల్లేము మూడుపాయల జడ
జడకొసన వాలింది జంటలేని పిట్ట
పిట్ట ఎగిరి పోయింది పిలవని కొండ

ఒకరు ఏ మాట మీద వదిలితే రెండోవారు ఆ మాటతోనే ఎత్తుకోవాలి. పద్యాలు చదువుకున్నవాళ్ళు ఇలాంటి అల్లికకి ముక్తపదగ్రస్తం అని పెద్ద పేరే పెట్టారు. దాసుకి ఆ పేరు తెలీదు. 'అందుకోడం' అనేవాడు. కొండ, గోగు, జడ అక్కవి. వాన, మడుగు, పిట్ట చెల్లెలివి. చివరి పాదం కొండ దగ్గర ఆగుతుంది కదా, కొండని అక్క అందుకుంటుంది, పాట మళ్ళీ మొదలు.

"ఇది ఎక్కడ అయిపోతాది అయ్యా?" అని ఒకరోజు చిన్నారి విసుక్కుంది.

"నార అయిపోయిన కాడ," అన్నాడు దాసు. "ఇంకోటి సెప్తాను, ఇనుకోండి. ఎవులి మాట ఆలే అందుకోకూడదు. ఎదుటోలు ఒగ్గింది అందుకోవాల. అది కూడా ఎంటనే అందుకోవాల. నీ మాట నువ్వే అందుకుంటే అది అల్లిక కాదు, ఒంటిపోగు."

పిల్లలకి ఒక నియమం చెప్తే చాలు, పట్టుకుంటే వదలరు. ఆ ఇద్దరూ ఆ నియమాన్ని వంటింట్లోకి, గట్ల మీదకి, తల దువ్వుకోడంలోకి తెచ్చేసుకున్నారు. అచ్చియ్యమ్మ జుట్టు నడుం దాటి కిందికి దిగేది, ఒక చేతి పిడికిలికి అందేది కాదు. చిన్నారి వెనక కూర్చుని జడ వేసేది. చేతులు చెల్లెలివే, గొంతులు మాత్రం ఇద్దరివీ. పోట్లాడుకుని మాటల్లేని రోజు కూడా జడ దగ్గర పాట ఆగేది కాదు. మూతి ముడుచుకునే అందుకునేవారు.

అచ్చియ్యమ్మని బుచ్చయ్యపేట వైపు ఇచ్చారు. చిన్నారిని చోడవరంలో పూలకొట్టు నడిపే అతనికి ఇచ్చారు. చిన్నారి మొట్టమొదట కట్టిన పూలజడ అక్క సీమంతానికే. ఆ జడ చూసిన నలుగురూ అడిగారు, ఆ నలుగురూ ఇంకో నలుగురికి చెప్పారు, అదే తర్వాత తిండి పెట్టింది. ఆమెకి పిల్లలు కలగలేదు. భర్త పోయాడు. అక్కడ బావ కూడా పోయాడు. ఇద్దరికీ మిగిలిన ఒకే ఒక్క కొడుకు సత్తిబాబు. వాడు అచ్చియ్యమ్మ కడుపున పుట్టాడన్న మాటే గానీ ఇద్దరి ఒళ్ళోనూ పెరిగాడు.

పోయినేడు ముందటేడు, నాట్లప్పుడు, అచ్చియ్యమ్మ పొయ్యి దగ్గర కూలిపోయింది. కుడిచెయ్యి, కుడికాలు, నోటిమాట మూడూ ఒక్కసారే పోయాయి. విశాఖ తీసుకెళ్ళి కొన్నాళ్ళు ఉంచి తీసుకొచ్చారు. "మాట రావచ్చు, రాకపోవచ్చు. పక్కన కూర్చుని మాట్లాడిస్తూ ఉండండి," అన్నాడు డాక్టరు.

అప్పట్నుంచి చిన్నారి పొద్దున్నే పూలపని ముగించుకుని మధ్యాహ్నం ఆటో ఎక్కేది. అక్క మంచం పక్కన కూర్చుని, ఒళ్ళు తుడిచి, తల ఒళ్ళో పెట్టుకుని చిక్కు తీసేది. సత్తిబాబు ట్రాక్టరు మీద గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలుతున్నాడు, వాడి భార్య ఝాన్సీ అంగన్‌వాడీలో ఆయా. పాపం ఇద్దరూ చెయ్యగలిగిందంతా చేసేవారు. జుట్టు మాత్రం చిన్నారికే వదిలేశారు. జడ మొదలెట్టి, తన మొదటి పాదం పాడేది.

"వాన తాగి పెరిగింది వంకలో గోగు..."

అక్కడితో ఆగేది. గోగు అక్కది. అక్క అందుకోవాలి. అక్క కళ్ళు తిప్పి చూసేది తప్ప పెదవి కదిపేది కాదు. జడ అయిపోయేది. మర్నాడు మళ్ళీ అదే పాదం, అదే ఆగడం. రెండో పాదం నుంచి ముందుకి వెళ్ళడానికి లేదు, తన మాట తానే అందుకోకూడదు కదా. "మిగతాది కూడా పాడియ్యొచ్చు కదా సిన్నత్తా, ఇనైనా ఇంటాది," అంది ఝాన్సీ. "అప్పుడది అక్కకి అక్కర్లేదనుకుంటాది," అంది చిన్నారి. ఆమెకి ఇంకే కోరికా లేదు. అక్క ఒక్కసారి అందుకుంటే చాలు.

ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు మొదలైన కొత్తల్లో ఒక మధ్యాహ్నం, జడ సగంలో ఉండగా, "గో... గు," అంది అచ్చియ్యమ్మ.

అదేమీ పాటలా లేదు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది. అయినా మాట మాటే. చిన్నారి చేతిలో పాయ జారిపోయింది. ఝాన్సీ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "మళ్ళీ అను అత్తా," అంటే మళ్ళీ అంది. సాయంత్రం సత్తిబాబు వస్తే వాడితో కూడా అంది. వాడు తల్లి మొహంలోకి చాలాసేపు చూశాడు, కండువాతో కళ్ళు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు. సంతోషం పట్టలేక వెళ్ళాడు అనుకుంది చిన్నారి.

మర్నాడు ఆమెకి పెళ్ళిజడ ఉంది, వెళ్ళలేకపోయింది. ఆ మర్నాడు దువ్వెన, కొబ్బరినూనె పట్టుకుని వెళ్ళింది. అచ్చియ్యమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. తలమీదుగా చీర కొంగు కప్పి ఉంది. చలేస్తోందేమో అనుకుని చిన్నారి కొంగు తీసింది.

తల నున్నగా ఉంది. నెత్తంతా గంధం ఆరి పెచ్చులు కట్టి ఉంది.

గుమ్మంలో నిలబడ్డ సత్తిబాబు తల కూడా నున్నగానే ఉంది. వాడి మొహం వెలిగిపోతోంది.

"ఏట్రా ఇది?" అంది చిన్నారి.

"మొక్కు పిన్నీ. అమ్మ నోట ఒక్క మాటొస్తే అమ్మవీ నావీ తలనీలాలు ఇచ్చుకుంటానని, ఆస్పత్రిలో ఉన్నప్పుడే అప్పన్నకి మొక్కుకున్నాను. ఒచ్చింది కదా. నిన్న ఆటో మాటాడి సింహాచలం ఎత్తుకుని తీసుకెళ్ళేను."

"మూడు కత్తెర్లిస్తే సరిపోను కదరా నాయినా. ఆడోలకి అలాగే ఇస్తారు కదా."

"ఆయన మాటిచ్చేడు పిన్నీ. నాను మూడు ఎంట్రుకలిచ్చి ఊరుకుంటే ఏం బాగుంటాది?"

దేవుడికిచ్చిన మాట తప్పని కొడుకుని ఏ నోటితో తిడతారు? మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే. మనమైతే అయినా నాలుగు దులిపేసేవాళ్ళం. చిన్నారి దులపలేదు. దువ్వెన మళ్ళీ సంచిలో పెట్టుకుని, అక్క తల మీద అరచెయ్యి వేసుకుని కూర్చుంది. అచ్చియ్యమ్మ కళ్ళు మూసుకునే ఉంది, కన్నీళ్ళు దిండు మీదకి కారుతున్నాయి. "వాన తాగి పెరిగింది," అని మొదలెట్టిందో లేదో, అక్క ఎడంచేత్తో కొంగు లాక్కుని మొహం కప్పేసుకుంది.

ఆ రోజు నుంచి 'గోగు' కూడా పోయింది. ఎవరడిగినా పెదవి విప్పలేదు. అద్దం వైపు చూసేది కాదు, ఎవరైనా గదిలోకి వస్తే కొంగు సర్దుకునేది. సత్తిబాబుకి నెమ్మదిగా అర్థమైంది. అర్థమయ్యాక వాడు పిన్ని మొహంలోకి చూడ్డం మానేశాడు, అన్నం కూడా ట్రాక్టరు దగ్గరే తినేవాడు.

చిన్నారి కొన్నాళ్ళు వట్టి చేతులతోనే వెళ్ళింది, వచ్చింది. జుట్టు లేకపోతే చేతులకి పని లేదు, చేతులకి పని లేకపోతే పాట రాదు. ఒక సంతరోజు చోడవరంలో ఒక ముసలాయన గోగునార అమ్ముతుంటే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడన్నీ నైలాను తాళ్ళే, నార కొనేవాళ్ళు లేరు. ఆ వాసన పీలుస్తూ అక్కడే నిలబడిపోయింది. ఒక పెద్ద పిడికెడు తీసుకుని నేరుగా ఆటో ఎక్కింది.

అక్కని గోడకి చేరగిలా కూర్చోబెట్టి, నార కొసకి ఉచ్చు వేసి, ఆమె ఎడమ కాలి బొటనవేలికి తగిలించింది. ఎడమ పక్క స్పర్శ ఉంది. అచ్చియ్యమ్మ కళ్ళు విప్పి తన కాలివైపు చూసుకుంది. చిన్నారి మూడు పాయలు విడదీసి అల్లడం మొదలెట్టింది.

రోజులు గడిచాయి. పట్టీ చెయ్యెడు పొడుగు పెరిగింది. ఇదివరకులాగే తన మొదటి పాదం పాడడం, ఆగడం. ఒకరోజు చిన్నారి అటు పాయ వేసి ఊరుకుంటే, అక్క ఎడంచెయ్యి వణుక్కుంటూ ముందుకి వంగి ఇటు పాయ తీసి మధ్యకి వేసింది. మాట అందుకోలేదు గానీ వంతు అందుకుంది. ఇద్దరూ అలా సాయంత్రం దాకా అల్లారు. చిన్నారి ఈసారి ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ ఎవరు ఏ దేవుడికి ఏం మొక్కుతారో అని భయం.

అక్క గోగు అందుకున్నా సరే, ఆ తర్వాతి తన పాదం మాత్రం ఆమె ఎదుట పాడకూడదనుకుంది చిన్నారి. 'మూడుపాయల జడ' అన్నది. బోడితల ముందు పెట్టుకుని జడ మాట ఎలా ఎత్తుతుంది? కానీ ఏళ్ళ తరబడి అలవాటైన నాలుక. ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక సాయంత్రం, చేతులు వేగంగా ఆడుతుంటే నోరు దానంతటదే పాడేసింది.

"మడుగు గట్టునల్లేము మూడుపాయల జడ..."

పాడి నాలుక కరుచుకుంది. అక్క మొహం చూడడానికి ధైర్యం చాల్లేదు.

"జడ..." అంది అచ్చియ్యమ్మ. "జడకొసన... వాలింది... జంట... లేని... పిట్ట."

ముక్కలు ముక్కలుగానే అయినా, రాగం మీద పాడింది. పాదం మొత్తం పాడింది. ఎడంచేత్తో తన పాయ మధ్యకి వేసి, పట్టుకుని, చెల్లెలి మొహంలోకి చూసింది.

పిట్ట చిన్నారిది. వెంటనే అందుకోవాలి. ఇన్ని నెలలూ ఈ క్షణం కోసం కళ్ళు కాయలు కాచేలా చూసింది కదా, అందుకోవాలా వద్దా? అందుకోలేదు. పాయలు వదిలేసి వాకిట్లోకి పరిగెత్తింది.

"ఒరే సత్తిబాబూ, మీ అమ్మ పాడిందిరా. పాట మొత్తం పాడిందిరా."

సత్తిబాబు ట్రాక్టరు మీంచి దూకాడు. ఝాన్సీ వచ్చింది, పక్కింటివాళ్ళు వచ్చారు, గది నిండిపోయింది. "ఏదీ, ఇంకోపాలి పాడత్తా," అంటోంది ఝాన్సీ. సత్తిబాబు తల్లి కాళ్ళ దగ్గర కూలబడి ఏడుస్తున్నాడు. అచ్చియ్యమ్మ వాళ్ళెవర్నీ చూడ్డం లేదు. చెల్లెలినే చూస్తోంది. పాయ ఇంకా వేళ్ళ మధ్య పట్టుకునే ఉంది. చిన్నారికి అర్థమైంది. నోరు తెరవబోయింది కూడా. కానీ అంతమంది ముందు ఆమె ఎప్పుడూ పాడలేదు, సిగ్గేసింది. పైగా బయట ఆఖరి ఆటోవాడు హారను కొడుతున్నాడు.

"రేపొచ్చి అందుకుంటానక్కా," అంది. "అందాకా నువ్వు ఒగ్గీకు." వెళ్తూ వెళ్తూ సత్తిబాబు భుజం తట్టి, "ఈపాలి ఏటీ మొక్కీకు నాయినా," అంది. అందరూ నవ్వారు. నెలల తర్వాత వాడూ నవ్వాడు. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వలేదు.

దారంతా చిన్నారి తన పాదం మనసులో పాడుకుంటూనే వచ్చింది. రేపు తలుపు తీస్తూనే పాడెయ్యాలి అనుకుంది.

తెల్లవారుతుండగా ఫోను మోగింది. "పిన్నీ," అన్నాడు సత్తిబాబు. వెనక ఝాన్సీ ఏడుపు వినిపించింది.

ఆమె వెళ్ళేసరికి అచ్చియ్యమ్మని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. నెత్తి మీద వేలెడు జుట్టు లేచింది, నలుపూ తెలుపూ కలిసి. ఎవరో తల దువ్వినట్టుగా నూనె రాసి అణిచారు. ఊళ్ళో పెద్దావిడ ఒకామె, "కాలి ఏళ్ళు కట్టడానికి ఏదైనా గుడ్డపీలిక తెండమ్మా," అంటోంది.

ఝాన్సీ కదల్లేదు. చిన్నారి చెయ్యి పట్టుకుంది.

"కాలికి పట్టీ ఉంది సిన్నత్తా. నిన్న నువ్వెళ్ళేక తీద్దావంటే తియ్యనిచ్చింది కాదు. కాలు ఎనక్కి లాక్కుంది. పాయ పట్టుకునే పడుకుంది."

చిన్నారి అక్క పాదాల దగ్గర కూర్చుంది. ఎడమ బొటనవేలికి ఉచ్చు అలాగే ఉంది, నార కొద్దిగా ఒరిసి వేలు ఎర్రబడింది. పట్టీ కొసన అక్క వేసిన పాయ అలాగే మధ్యన ఉంది. అటుపక్క పాయ చిన్నారి నిన్న వదిలేసిన చోటే వేలాడుతోంది. ఆమె ఉచ్చు సడలించి, దాన్ని రెండో బొటనవేలికి కూడా తిప్పి, రెండు వేళ్ళూ కలిపింది. అప్పుడు వేలాడుతున్న పాయ తీసి మధ్యకి వేసింది. ఊరంతా చూస్తుండగా, గొంతెత్తి పాడింది.

"పిట్ట ఎగిరి పోయింది పిలవని కొండ."

పాడి, ఆగింది. ఏడుస్తున్నవాళ్ళు కూడా ఆగారు. వాకిట్లో డప్పులవాళ్ళు చితుకుల మంట మీద డప్పులు కాచుకుంటున్నారు. సత్తిబాబు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పిన్నీ, పొద్దెక్కిపోతంది. ఎత్తుతాం."

"ఉండ్రా," అంది చిన్నారి, పాయలు అలా పట్టుకునే. "కొండ అక్కది. అక్క వంతు."

ఆ పాట వాడు ఊయల్లో ఉండి విన్నదే, ఆ తర్వాతి పాదం వాడికీ వచ్చు. వాడూ అందుకోలేదు. ఇద్దరూ అచ్చియ్యమ్మ మొహం వైపు చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి బయట ఎవరో పిలిస్తే, చిన్నారి వేళ్ళు వదులు చేసి పాయలు కింద పెట్టింది. అల్లవలసిన నార ఇంకా మూరెడు ఉంది.